వెంట్ అంటే సరా, ఎక్కడికో చెప్పొద్దా?

గో, వెంట్, గాన్. కమ్, కేమ్, కమ్. గెట్, గాట్, గాట్. వజ్రపుకొత్తూరు నుంచి పలాస దాకా, పలాస నుంచి టెక్కలి దాకా ఏ ట్యూషన్ గది కిటికీ దగ్గర నిలబడ్డా ఇదే పారాయణం. మూడు గళ్ళ పట్టిక, పైన వీ వన్, వీ టూ, వీ త్రీ, కింద వందలకొద్దీ క్రియలు. అప్పజెప్పినవాడు తెలివైనవాడు, అప్పజెప్పలేనివాడు మొద్దు. ఆ తెలివైన గుంటడినే పిలిచి, ‘మీ నాన్న నిన్న ఎక్కడికెళ్ళాడో ఇంగ్లిష్‌లో చెప్పరా’ అని అడగండి. ‘మై ఫాదర్ వెంట్’ వరకు తడుముకోడు. ఆపైన నోరు పెగలదు. చాలాసేపటికి ‘వెంట్ టు హంటింగ్’ అంటాడు. మన తీరంలో వేటంటే చేపల వేటే. విన్న పరాయివాడికి మాత్రం తండ్రి భుజాన తుపాకి కనబడుతుంది. ‘వెంట్ ఫిషింగ్’ అనాలని, అక్కడ టు గానీ ఫర్ గానీ అక్కర్లేదని, మత్స్యకారుల ఊళ్ళో ఏళ్ళ తరబడి ఇంగ్లిష్ చెప్పినవాళ్ళు వాడికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇది పిల్లల తెలివితక్కువతనం కాదు. ఆ పట్టికే ఇంగ్లిష్ అని నమ్మించి ఫీజులు గుంజేవాళ్ళ బరితెగింపు. నమ్మి కడుతున్న మన అమాయకత్వం.

ఇంగ్లిష్‌లో నిత్యం వాడే క్రియలు చాలావరకు పొట్టివి, మొండివి. గో, కమ్, గెట్, టేక్, సీ, మేక్, ఏవీ భూతకాలంలో ‘ఎడ్’కు లొంగవు. అందుకే పట్టిక పుట్టింది, అంతవరకు న్యాయమే. కానీ ఇలాంటి పొట్టి క్రియల అర్థం చాలావరకు వెనక వచ్చే చిన్న మాటలోనే ఉంటుంది. లుక్డ్ ఎట్ అంటే చూశాడు, లుక్డ్ ఫర్ అంటే వెతికాడు, లుక్డ్ ఆఫ్టర్ అంటే సాకాడు. గాట్ ఆన్ అంటే ఎక్కాడు, గాట్ ఆఫ్ అంటే దిగాడు. ‘గాట్’ ఒక్కటే నేర్చినవాడు పూండి స్టేషన్లో రైలెక్కాడో దిగాడో మీరే చెప్పండి. పరీక్షలో మాత్రం క్రియకో ఖాళీ, ప్రిపోజిషన్‌కో ఖాళీ. కలిసి బతికే రెంటినీ విడగొట్టి మార్కులు పంచడం!

‘అర్థమైతే చాలదా, ఇంత రాద్ధాంతం ఎందుకు’ అనే పెద్దమనుషులుంటారు. వాళ్ళ మాట సగం ఒప్పుకుంటాను. ‘డిస్కస్డ్ అబౌట్’ అన్నా, ‘రీచ్డ్ టు పలాస’ అన్నా, ‘మ్యారీడ్ విత్’ అన్నా నాకేం మంట లేదు. దాని గురించి చర్చించాం, పలాసకి చేరాం అనే మన అలవాటు ఇంగ్లిష్‌లోకి దిగింది, అంతే. ఎవరి కొంపా మునగలేదు. మునిగే చోట్లు వేరే ఉన్నాయి.

‘వెంట్ టు సీ’ అంటే పడవ మీద సముద్రం పనికి పోవడం. మధ్యలో ఒక్క ‘ద’ దూరి ‘వెంట్ టు ద సీ’ అయిందంటే ఒడ్డుకి షికారు వెళ్ళొచ్చినవాడికీ అదే మాట. మంచినీళ్ళపేటలోనో నువ్వలరేవులోనో, పడవేసుకుని వెళ్ళి తిరిగిరాని మనిషి ఇంటివాళ్ళకి ఇంగ్లిష్‌లో అర్జీ రాసిపెట్టే కుర్రాడికి ఈ తేడా తెలియాలా, వద్దా? 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్ళిన మన శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. ఏడాదికి పైగా చెరలో ఉండి 2020 జనవరిలో వాఘా దగ్గర ఈ గడ్డ మీద కాలు పెట్టారు. ఇలాంటి వార్తల్లో మన ఇంగ్లిష్ పత్రికలు వాడేది ‘స్ట్రేడ్ ఇంటూ’, దారి తప్పి అవతలి జలాల్లోకి పోయారని. ‘డ్రిఫ్టెడ్ ఇంటూ’ అంటే నీటివాలుకి కొట్టుకుపోయారు. ‘ఇన్‌ట్రూడెడ్ ఇంటూ’ అన్నారా, చొరబడ్డారు, ఇక కేసే. ఈ మూడూ మన పిల్లల పట్టికలో ఎక్కడా కనబడవు. ఎందుకంటే అవి ‘ఎడ్’ చేర్చేస్తే అయిపోయే తేలిక క్రియలట!

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు: కిడ్నీ జబ్బు తెలియని వీధి ఈ ఉద్దానం మండలాల్లో లేదు. తెలుగులో ఒక్క ‘తో’ అన్ని పనులూ చేసిపెడుతుంది. భార్యతో ఆస్పత్రికి వెళ్ళాడు, జబ్బుతో బాధపడ్డాడు, జబ్బుతోనే పోయాడు. ఇంగ్లిష్‌లో మూడింటికీ మూడు మాటలు: విత్, సఫర్డ్ ఫ్రమ్, డైడ్ ఆఫ్. మన కుర్రాడు ‘తో’ని నమ్ముకుని ‘డైడ్ విత్’ అని రాశాడా, చదివే డాక్టరుకి జబ్బుండగా పోయాడని తెలుస్తుందే గానీ జబ్బు వల్లే పోయాడని తెలియదు. ఇది వ్యాకరణం పిచ్చి అనుకుంటే కోవిడ్ రోజులు తలచుకోండి. ‘ఆఫ్’ అని లెక్కపెట్టాలా ‘విత్’ అని లెక్కపెట్టాలా అని దేశదేశాల్లో చావుల పద్దు మీద తగువులయ్యాయి. అసలు కారణమే ఇంకా తేలని జబ్బున్న ఉద్దానంలో ఈ చిన్న మాట ఎంత బరువో వేరే చెప్పాలా?

ఇంతకన్నా కోపం తెప్పించేది ఇంకోటుంది. మన పిల్లలకి ఈ సంగతుల్లో సగం ముందే తెలుసు! తిత్లీ తుపాను సంగతి అడగండి. కొబ్బరిని, జీడిని నేలకూల్చిన ఆ తుపాను 2018లో, అక్టోబరు 11న, తెల్లారి ఐదింటికి అటూఇటూగా పలాస దగ్గర తీరం దాటింది. ఏడాదికి ‘లో’, తేదీకి ‘న’, గడియారానికి ‘కి’. ఇంగ్లిష్‌లో ఇన్, ఆన్, ఎట్. మూడుకి మూడూ సరిపోయాయి. ఇంట్లో అంటే ఇన్, ఇంట్లోకి అంటే ఇంటూ. అన్నిచోట్లా ఇలా జత కుదరదు, నిజమే. కుదిరినచోటైనా చూపించొచ్చు కదా? చూపించరు. చూపించాలంటే పిల్లాడి తెలుగుని గౌరవించాలి. వాడు ‘ఎల్లినాడు’ అంటే ‘అది భాషేనా, వెళ్ళాడు అనాలి’ అని కసురుకునే నోటితో ఆ పని ఎలా అవుతుంది?

పైవాళ్ళ సంగతి సరేసరి. 2019 నవంబరులో 81వ నంబరు జీవోతో సర్కారు బళ్ళన్నీ ఇంగ్లిష్ మీడియం అన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. అయినా ఎదురెదురు పేజీల్లో రెండు భాషల పుస్తకాలు వేశారు. 2023లో టోఫెల్ పరీక్ష అన్నారు. తెలుగు చచ్చిపోతుందని ఒకరు, పేదవాడికి ఇంగ్లిష్ అక్కర్లేదా అని ఒకరు టీవీల్లో గొంతులు చించుకున్నారు. ఉద్దానం పిల్లాడి నోట ఒక్క పూర్తి ఇంగ్లిష్ వాక్యం వస్తోందా అని ఏ పక్షమూ అడగలేదు. మీడియం మారింది, బోర్డు మారింది, పట్టిక మాత్రం కదల్లేదు.

దారి తెలియక కాదు. జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన హార్న్‌బీ అనే పంతులు, పరాయి భాషవాడికి క్రియ ఒక్కటే ఇస్తే లాభం లేదని, దాని వెంట ఏమొస్తుందో పాతిక నమూనాలు కట్టి 1942లోనే టోక్యోలో నిఘంటువు అచ్చువేశాడు. అంత దూరం ఎందుకు, మన వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. సవర భాషని సవరల నోటి నుంచే నేర్చుకుని, ఆ భాషకి పుస్తకాలు రాశాడు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, మర్నాడు పిల్లల చేత మూడు గళ్ళూ గీయించడానికి మనకి సిగ్గు లేదు.

ఇంగ్లిష్ చెప్పే మాస్టార్లూ, టీచరమ్మలూ, ‘వెంట్’ అని ఒంటి ముక్క అప్పజెప్పించుకోవడం ఇకనైనా మానండి. ఎక్కడికి, ఎవరితో, ఎందుకు, ఎప్పుడు అన్నీ కలిపి చెప్పించండి, తప్పయినా చెప్పనివ్వండి. అమ్మలూ, నాన్నలూ, ఈసారి ట్యూషన్ ఫీజు కట్టేముందు మీ పిల్లల్ని నిన్న ఇంట్లో ఎవరు ఎక్కడికెళ్ళారో ఐదు వాక్యాల్లో ఇంగ్లిష్‌లో చెప్పమనండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా పరవాలేదు, నోరు పెగిలిందో లేదో తెలిసిపోతుంది. పెగలకపోతే డబ్బు కట్టకండి.