ఒకటిన్నర చుట్టు

మొన్నామధ్య ఆఫీసులో భోజనాల దగ్గర మా టీమ్‌లో ఒకడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. జపాన్లో ఎక్కడో ఒక చిన్న షెడ్డు. అందులో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, 1969లో మొదలైన మోడల్. ఆరు సిలిండర్ల ఇంజను, దాని పక్కన వరసగా మూడు మికుని-సోలెక్స్ కార్బొరేటర్లు. తల నెరిసిన పెద్దాయన ఒకాయన రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస ఒక్కో కార్బొరేటర్ మూతి దగ్గరా పెట్టి వింటున్నాడు. మూడూ గాలి పీల్చే చప్పుడు ఒకేలా వచ్చేదాకా స్క్రూలు అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. అంతే వీడియో. పావుగంటసేపు ఇదే.

"చూశావా, కళ అంటే అదీ. మన దగ్గర అలాంటోళ్ళు ఎక్కడున్నారు?" అన్నాడు మావాడు.

నాకు ఎక్కడో కాలింది. "మా రోలుగుంట రా, చూపిస్తా" అన్నాను. అనేశాక రాత్రి పడుకుని ఆలోచిస్తే, ఇంకా ఎన్నేళ్ళు అలా చూపించగలను అనిపించింది. ఈ టపా దాని గురించే.

ముందు ఒక విషయం ఒప్పేసుకుందాం. ఆ స్కైలైన్లు, టయోటా 2000జీటీలు, రెండు కార్బొరేటర్ల డాట్సన్ 240జెడ్‌లు మన రోడ్ల మీదకి రాలేదు. మనకి జపాన్ వేరే దారిలో వచ్చింది. 1983లో సుజుకితో కలిసి మారుతి 800 వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడు ఎస్కార్ట్స్ వాళ్ళ చేతుల మీదుగా యమహా ఆర్ఎక్స్ 100 వచ్చాయి. స్పోర్ట్స్ కారు కొనలేని ఊళ్ళలో స్పోర్ట్స్ కారు పాత్ర వేసింది ఆర్ఎక్స్ 100 అని నా అభిప్రాయం. 98 సీసీ, 11 హార్స్ పవర్, మనిషి కంటే కాస్త బరువున్న బండి. 1996లో తయారీ ఆగిపోయినా, ఇప్పటికీ ఆ సైలెన్సర్ చప్పుడు వినిపిస్తే మా ఊరి టీ కొట్టు దగ్గర జనం తలలు తిప్పుతారు. జీటీ-ఆర్ మీదా దీని మీదా కార్బొరేటర్ పేరు ఒక్కటే - మికుని. దాని మీద మూడు, దీని మీద ఒకటి. అంతే తేడా (ధర సంగతి వదిలేయండి).

మా నాన్నకి అలాంటిదొకటి ఉంది. నాకంటే వయసులో పెద్దది. దాన్ని చూసేది మా ఊరి మెకానిక్కు మావయ్య. చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరసే. ఆయన దాన్ని కార్బొరేటర్ అని ఎప్పుడూ అనలేదు, కార్బేటర్ అనే అంటాడు.

సరే, అసలు ట్యూనింగ్ అంటే ఏమిటి? ఈ మాటని ఇప్పుడు తెగ పాడు చేశారు. ట్యూనింగ్ అంటే స్పీడు పెంచడం, చప్పుడు పెంచడం అనుకుంటున్నారు. కానీ ఆ పని చాలా సాదాసీదాది. ఇంజనుకి పెట్రోలూ గాలీ ఒక పాళ్ళలో కావాలి. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక గ్రాముకి 14.7 గ్రాముల గాలి. నడిచే బండికి ఇందులో కాస్త అటూ ఇటూ ఉంటుంది, అది వేరే సంగతి. కార్బొరేటర్‌లో సెన్సారు లేదు, కంప్యూటర్ లేదు. ఇంజను గాలి పీలుస్తుంటే, సన్నబడిన దారిలో గాలి వేగం పెరిగి, ఆ లాగుడికి కింద చాంబర్లోని పెట్రోలు ఇత్తడి జెట్టు బెజ్జంలోంచి పైకి వస్తుంది. బెజ్జం ఎంతో పెట్రోలు అంత.

రేసు కొద్దిగా ఇచ్చినప్పుడు పని చేసేది స్లో జెట్టు, గాలి స్క్రూ. సగం రేసులో పని చేసేది నీడిల్. పూర్తిగా తిప్పినప్పుడు మెయిన్ జెట్టు. కాబట్టి బండి ఎక్కడ ఇబ్బంది పెడుతోందో చెబితే ఏది ముట్టుకోవాలో తెలిసిపోతుంది. ఐడిలింగులో ఆగిపోతోందంటే మెయిన్ జెట్టు మార్చి లాభం లేదు. ఇది నాకు ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. వెంచూరి సూత్రం మీద పది మార్కుల ప్రశ్న రాశాను గానీ జెట్టు చేత్తో పట్టుకోలేదు.

చేత్తో పట్టుకున్నాక ఏమైందో చెబుతాను, నవ్వకండి.

ఒక సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు నాకు బుద్ధి పుట్టింది. వీడియోలు చూసి, ఆన్‌లైన్లో ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ ఒకటి, కొత్త సైలెన్సర్ ఒకటి తెప్పించాను. రెండూ బిగించేశాను. పనిలో పనిగా గాలి స్క్రూ కూడా "కొంచెం" బయటికి తిప్పాను. ఎంత తిప్పానో రాసుకోలేదు. జెట్టు మాత్రం మార్చలేదు. అంటే మూడు మార్పులు ఒకేసారి చేసి, ఏ టెస్టింగూ లేకుండా ప్రొడక్షన్లోకి తోసేశానన్నమాట. ఆఫీసులో ఎవడైనా ఇలా చేస్తే నేనే తిడతాను.

చోడవరం బయల్దేరాను. బండి గాల్లో తేలిపోతోంది, నేనూ తేలిపోతున్నాను. రావికమతం దాటాక ఖాళీ రోడ్డు చూసి రేసు పూర్తిగా తిప్పాను. కాసేపటికి ఉన్నట్టుండి వెనక చక్రం బిగుసుకుపోయి జర్రున జారింది. క్లచ్ పట్టుకోబట్టి బతికాను. పిస్టన్ పట్టేసింది. గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, ఇంజను మాడిపోయి. తప్పు మొత్తం నాది, ఎవరినీ అనక్కర్లేదు.

ట్రాలీ ఆటోలో వేసుకుని తెచ్చాక మావయ్య ముందు బండిని చూడలేదు, ప్లగ్గు విప్పి చూశాడు. సున్నంలా తెల్లగా ఉంది. "ఏటి సేసేవు అల్లుడూ దీన్ని? గాలెక్కువయిపోనాది. పెట్రోలు సాల్లేదు పాపం" అన్నాడు. 'పాపం' నా గురించి కాదు, బండి గురించి.

బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేశారు. పాత ఎయిర్ బాక్సు మళ్ళీ ఎక్కింది. తర్వాత ఆయన చేసిన పని నేను పక్కనే కూర్చుని చూశాను. గాలి స్క్రూని నెమ్మదిగా లోపలికి ఆనేదాకా తిప్పాడు, బిగించకుండా. అక్కణ్ణుంచి బయటికి ఒకటిన్నర చుట్టు. ఇంజను వేడెక్కనిచ్చాడు. పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు. ఎక్కడ ఐడిలింగు బాగా పైకొచ్చి నిలకడగా ఉందో అక్కడ ఆపాడు. చివరికి తేలింది ఒకటిన్నరకి ఒక పిసరు ఎక్కువ. రోడ్డు మీదకి తీసుకెళ్ళి, రేసు మీద ఉండగానే తాళం కట్టేసి, క్లచ్ పట్టి ఆపి, అక్కడే ప్లగ్గు విప్పాడు. తెలుపైతే పెట్రోలు తక్కువ, తడి నలుపైతే ఎక్కువ. కాఫీ పొడి రంగు వచ్చింది. "ఇంకేటీ ముట్టుకోకు" అన్నాడు.

ఆ వీడియోలో జపాన్ పెద్దాయన చేసింది ఇంతకంటే వేరా? ఒక్కటే మార్చు, విను, చూడు, గుర్తుపెట్టుకో. మేము జీతాలు తీసుకుని చేసే డీబగ్గింగు అచ్చంగా ఇదే, అదీ మేము ఇంత శ్రద్ధగా చెయ్యం.

అలా అని మావయ్య చేసేదంతా ఒప్పే అని నేననను. జెట్టు మూసుకుపోతే ఆయన పిన్నీసు పెట్టి పొడుస్తాడు. జెట్టు మెత్తటి ఇత్తడి. బెజ్జం వెంట్రుకవాసి పెరిగినా లెక్క తప్పుతుంది. క్లీనర్ కొట్టి గాలి పట్టించాలి అని నేను, "నీ పుస్తకం నాకు సెప్పకు" అని ఆయనా చాలాసార్లు వాదించుకున్నాం. ఇప్పుడు నేను వెళ్ళినప్పుడల్లా ఒక క్లీనర్ డబ్బా తీసుకెళ్తాను. నేను ఊళ్ళో ఉన్నంతసేపూ అది వాడతాడు :)

ఇంతకీ ఇప్పుడు ఈ గోలంతా ఎందుకంటే, మన కాళ్ళ కింద పెట్రోలే మారిపోయింది. 2023 నుంచి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలై, 2025 నాటికి దేశమంతా దాదాపు అదే అయింది. మాది చెరకు ప్రాంతం. గోవాడ షుగర్ ఫ్యాక్టరీ పేరు, అనకాపల్లి బెల్లం పేరు వింటూ పెరిగాం. చెరకు నుంచి ఇంధనం అంటే రైతుబిడ్డగా నేను కాదనలేను. కానీ ఇంజనీరుగా లెక్క వేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఇథనాల్ పూర్తిగా కాలడానికి ఒక గ్రాముకి తొమ్మిది గ్రాముల గాలి చాలు. ఇరవై శాతం కలిపిన పెట్రోలుకి 14.7 కాస్తా 13.5 దగ్గరికి దిగుతుంది. కొత్త బళ్ళలో సెన్సారు ఇది కనిపెట్టి, ఇంకాస్త పెట్రోలు కొడుతుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. అదే బెజ్జం, అదే పెట్రోలు. అంటే ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే పాత బళ్ళన్నీ ఏడెనిమిది శాతం గాలి ఎక్కువ వైపు జరిగాయి. నేను ఓపెన్ ఫిల్టర్ పెట్టి చేసిన తప్పునే చిన్న మోతాదులో బంకు చేస్తోందన్నమాట.

ఈ లెక్క నేను లాప్‌టాప్‌లో వేసుకుని, పోయినసారి ఊరెళ్ళినప్పుడు గొప్పగా మావయ్యకి చెప్పబోయాను. ఆయన అప్పటికే మా బండి నీడిల్ క్లిప్పుని ఒక గాడి కిందికి దించేశాడు (క్లిప్పు దిగితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది). మెయిన్ జెట్టు ఒక నంబరు పెద్దది తెప్పించి వేశాడు. "పెట్రోలు మారిపోనాది అల్లుడూ, వాసనే ఏరుగా ఉంది, బండి ఊరికే ఏడెక్కిపోతంది" అన్నాడు. నేను లెక్కతో వెళ్ళిన చోటికి ఆయన చెవితో, ముక్కుతో ముందే వెళ్ళి కూర్చున్నాడు.

ఆయనకి తెలియని ముక్కలు రెండు నేనూ చెప్పాను. ఇథనాల్ తేమ పీలుస్తుంది, కాబట్టి బండి వారాల తరబడి కదలకపోతే పెట్రోలు కాక్ కట్టేసి ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేయాలి. పాత రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయాలి. విని తల ఊపాడు. ఆ పూట మా ఇద్దరి మధ్యా పిన్నీసు గొడవ రాలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. "పాత బళ్ళే బళ్ళు" అనే గుంపులో నేను లేను. ఇంజెక్షన్ కార్బొరేటర్ కంటే మంచిది. పొగ తక్కువ, మైలేజీ ఎక్కువ, లంబసింగి ఘాటు ఎక్కినా గాలి పలచబడిన సంగతి తనే చూసుకుంటుంది. మా ఆర్ఎక్స్ అక్కడ మొద్దుబారిపోతుంది. పైగా టూ స్ట్రోక్ ఇంజను కాలని పెట్రోల్ని కొంత అలాగే బయటికి వదిలేస్తుంది. 2020 ఏప్రిల్ ఒకటి నుంచి బీఎస్-6 రావడంతో కొత్త బళ్ళలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. పోవలసిందే పోయింది.

నా బాధల్లా దాంతోపాటు పోతున్న రెండోదాని గురించి. మావయ్య కొట్టుకి కొత్త బండి వస్తే ఆయన ఆయిల్ మారుస్తాడు, చైను బిగిస్తాడు. డాష్ మీద పసుపు లైటు వెలిగితే మాత్రం "టౌనుకి తీసుకెళ్ళిపో" అంటాడు. ఆ లైటు ఏం చెబుతోందో చదవడానికి స్కానర్ కావాలి, ఆ కంపెనీ పుస్తకం కావాలి. ముప్పై ఏళ్ళు చెవితో ఇంజను మాట విన్న మనిషి ఇప్పుడు ఆ ఇంజను ముందు చెవిటివాడైపోయాడు. మరమ్మతు హక్కు అని కేంద్ర ప్రభుత్వం 2022లో ఒక పోర్టల్ పెట్టింది, వాహనాలూ అందులో ఉన్నాయి. మంచిదే. అయితే అది రోలుగుంట షెడ్డు దాకా, తెలుగులో, ఆయనకి అర్థమయ్యేలా రావాలి. మేము సోర్స్ కోడ్ ఇవ్వమని అడగట్లేదు. ఎర్రర్ మెసేజ్ చదవనివ్వమంటున్నాం.

అది మన చేతిలో లేదు, సరే. మన చేతిలో ఉన్నది ఒకటుంది. ఈ పాత బళ్ళు ఇంకో పదేళ్ళైనా పల్లెల్లో తిరుగుతాయి, మారిన పెట్రోలుతోనే తిరుగుతాయి. వాటిని సరిచేసే విద్య కొందరు పెద్దవాళ్ళ చేతుల్లో, చెవుల్లో ఉంది. మావయ్యకి ఇప్పుడు జెట్టు మీద నంబరు కనపడటం లేదు, నన్ను చదవమంటాడు. ఆయన కొడుకు ఈ పనిలోకి రాలేదు, రమ్మని అడిగే హక్కు నాకు లేదు, నేనూ ఊరొదిలి వచ్చినవాణ్ణే కదా.

అందుకే ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. వెళ్ళినప్పుడల్లా ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను. ఏ బండి, ఎన్ని చుట్లు, ఏ గాడి, ప్లగ్గు ఏ రంగు, ముందు ఏం చేశాడు, తర్వాత ఏం చేశాడు. ఇప్పటికి పాతిక పేజీలయ్యాయి. "ఇదెవుడు సదువుతాడు?" అన్నాడు ఒకసారి. ఇంకెవరూ చదవకపోయినా ముందు నేను చదువుతానన్నాను. మా నాన్న తర్వాత ఆ బండి నాదే.

మీ ఊళ్ళోనూ ఇలాంటి మావయ్య ఒకరు ఉండే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు బండితో పాటు ఒక పెన్ను కూడా పట్టుకెళ్ళండి. అది కుదరకపోతే కనీసం ఇది చేయండి: మీ బండి కార్బొరేటర్ విప్పే ముందు, ఆ గాలి స్క్రూని లోపలికి ఆనేదాకా తిప్పుతూ ఎన్ని చుట్లు ఉందో లెక్కపెట్టి ఎక్కడైనా రాసుకోండి. నేను రాసుకోలేదు, రావికమతం రోడ్డు మీద తెలిసొచ్చింది.