తడిసిన పక్కను దాచవద్దు

నర్సులారా, వైద్యులారా, ఆశా కార్యకర్తలారా! అందరికన్నా ముందు, జ్ఞాపకం చెదిరిన తల్లినో తండ్రినో ఇంట్లో పెట్టుకుని కంటికి రెప్పలా చూసుకుంటున్న కొడుకులారా, కూతుళ్లారా, కోడళ్లారా!

నేను ఎత్తుకున్న విషయం పెళ్లిపందిట్లో వినబడదు. గుడి మెట్ల మీద వినబడదు. డాక్టరు గదిలో కూడా అన్నీ అడిగేశాక, లేచి గుమ్మం దాకా వచ్చాక, గొంతు తగ్గించి అడుగుతాం. డిమెన్షియా ఉన్న పెద్దలకు ఒంటికి, రెంటికి అదుపు తప్పడం గురించి చెబుతున్నాను. ఈరోజు గొంతు తగ్గించను.

ఒక ఇంటిని తలచుకోండి. రాత్రి రెండున్నర. డెబ్భై ఎనిమిదేళ్ల పెద్దాయన మంచం మీద లేచి కూర్చున్నారు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఒంటికి వస్తోందని శరీరానికి తెలుసు. ఆ సంగతి మాటకు అందడం లేదు. గోడ పట్టుకుని నడిచారు. చేతికి తగిలిన మొదటి పిడి తిప్పారు. అది బీరువా. మడతపెట్టిన చీరల ముందు నిలబడి లుంగీ ముడి కోసం తడుముకున్నారు. ముడి రాలేదు. పాదాల మీద వెచ్చటి తడి. లైటు వెలిగింది. గుమ్మంలో కోడలు. "ఏంటి మావయ్యగారూ ఇది!" అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి ఆగిపోయింది. మనవరాలి పేరు మరిచిన ఆ మనిషి సిగ్గుపడటం మరిచిపోలేదు.

తెల్లారాక ఆ లుంగీ పెరట్లో మిగతా బట్టల వెనకాల ఆరుతుంది. పక్కింటివాళ్లకు కనబడకూడదు. ఆ ఇంటికి చుట్టాలు రావడం తగ్గుతుంది. రమ్మని పిలవడం అంతకుముందే తగ్గుతుంది. కోడలు అక్కకూతురి పెళ్లికి వెళ్లదు. కారణం అడిగితే నడుంనొప్పి అంటుంది. అదీ అబద్ధం కాదు.

ఇలాంటి ఇళ్లు ఎన్ని? 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది, డిమెన్షియాతో బతుకుతున్నారు. వీరిలో అత్యధికులను చూసుకుంటున్నది ఇంటివాళ్లే. బ్రిటన్‌లో కుటుంబ వైద్యుల రికార్డులను పరిశోధకులు తిరగేసి 2013లో ఒక లెక్క చెప్పారు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మూత్రం అదుపు తప్పడం, లేనివారితో పోలిస్తే, సుమారు మూడు రెట్లు ఎక్కువగా నమోదైంది. మలం విషయంలో నాలుగు రెట్లు దాటింది. వాళ్లకు మూత్రపు గొట్టం పెట్టేయడమూ ఎక్కువే. అంతకు ముందు సంవత్సరం, ఇంట్లో ఉండే ఇలాంటి పెద్దలకు ఏ పద్ధతి పనిచేస్తుందని వెతికినవారికి దొరికిన అధ్యయనాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చంద్రుడి మీద నీటి జాడ పట్టుకున్న శతాబ్దంలో మంచం మీద తడికి మన దగ్గర సరైన జవాబు లేదు.

"ముసలితనం, ఏం చేస్తాం" అనే మాటను ముందు మానుకుందాం. "రెండో పసితనం" అనే మాటనూ మానుకుందాం. పసివాడు పక్క తడిపితే నవ్వుతాం, ఇంట్లో ఎవరికీ తలవంపు లేదు. లెక్కల మాస్టారికి అలా కాదు. పైగా ఆ మాట మనల్ని వెతకనివ్వదు. వెతికితే కారణాలు దొరుకుతాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. నాలుగు రోజులుగా విరేచనం గట్టిపడి లోపల మూత్రాశయాన్ని నొక్కుతూ ఉండవచ్చు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉండవచ్చు, షుగరు ఉండవచ్చు. బీపీకి ఇచ్చిన నీటిమాత్ర సాయంత్రం వేస్తూ ఉండవచ్చు. మతిమరుపుకు ఇచ్చే డోనెపెజిల్ వంటి మాత్రలే కొందరికి ఒంటికి ఆగనివ్వవు. దాన్ని ఆపడానికి రాసే మాత్రల్లో కొన్ని ఉన్న మతిని ఇంకాస్త మసకబారుస్తాయి. మొదటి మాత్ర తెచ్చిన బాధకు రెండో మాత్ర! కెనడాలోని అంటారియోలో ఈ గొలుసును 2005లోనే పరిశోధకులు పట్టి చూపించారు. మీ పెద్దల మందుల చీటీని ఎవరైనా ఆ కంటితో చూశారా?

వెతికితే చిన్న చిన్న ఉపాయాలూ దొరుకుతాయి. రాత్రి బాత్రూములో దీపం వెలగనివ్వండి, తలుపు తీసి ఉంచండి. తెల్లటి గచ్చు మీద తెల్లటి కమోడు ఆ కళ్లకు ఆనదు. దాని సీటుకు రంగు ఉండాలి. లుంగీ ముడి, పైజామా బొందు పోయి ఎలాస్టిక్ రావాలి. రెండు మూడు గంటలకోసారి "ఒకసారి వెళ్లొద్దాం రండి" అని పిలవాలి. టిఫిను తిన్నాక పేగు కదులుతుంది, కూర్చోబెట్టడానికి అదే వేళ. తడుపుతారన్న భయంతో మంచినీళ్లు తగ్గించకండి. నీరు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలబద్ధకం ముదురుతుంది, అదుపు ఇంకా జారుతుంది. ఉన్నట్టుండి మనిషి తికమకపడి, ఒక్కరోజులో మారిపోయి కనిపిస్తే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ఇవన్నీ ఎక్కడో ఎవరో ఓపిగ్గా గమనించి రాసిపెట్టినవే.

మన ఇళ్లను మనమే గమనించాలి. పెరట్లో ఇరవై అడుగుల దూరాన ఉన్న మరుగుదొడ్డికి ఇంగ్లండు పుస్తకంలో జవాబు దొరకదు. జీవితమంతా గొంతుక్కూర్చున్న మనిషిని డెబ్భై అయిదో ఏట కమోడు మీద కూర్చోబెడితే ఏమవుతుంది? మే నెల ఎండలో డైపరు కింద చర్మం ఎన్ని గంటలు తట్టుకుంటుంది? పాత నూలుచీర మడత దానికన్నా మేలా, కాదా? మడి తప్పని తల్లి తన ఒంటి మీద మైలను ఎలా భరిస్తోంది? మామగారిని కోడలు శుభ్రం చేయవలసి వస్తే ఆ ఇద్దరూ ఎంత చితికిపోతున్నారు? ఈ ప్రశ్నలు మనవి. లండను వచ్చి మన తరఫున అడగదు.

మనకు చేతకాదని ఎవరూ అనకండి. 1998లో కొచ్చిలో ఒక పరిశోధక బృందం పుట్టింది. దాని పేరు 10/66. అప్పటికి డిమెన్షియా ఉన్నవారిలో 66 శాతం మంది మనలాంటి దేశాల్లో ఉంటే, జనం మధ్య జరిగే పరిశోధనలో 10 శాతం కూడా ఇటు రావడం లేదని ఆ పేరే ఎత్తిపొడుస్తుంది. 2013లో హైదరాబాదు నిమ్స్‌ ఆసుపత్రిలో పరిశోధకులు 648 మంది రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని చెప్పారు. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. ప్రపంచం ఆసక్తిగా విన్నది. భాష గురించి అడిగిన ఊరు తడిసిన పక్క గురించి అడగలేదా?

నర్సింగ్ కళాశాలల ఉపాధ్యాయులారా, మీ విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఒక్కటి ఈ ఇళ్లకు పంపండి. వైద్యులారా, ఆ ఇంటివాళ్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగే వరకు ఆగకండి. మీరే ముందు అడగండి. కుటుంబాల వారూ, మూడు రోజులు ఒక నోటుబుక్కు పెట్టండి. ఎప్పుడు నీళ్లు తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు తడిసింది. మూడు రోజుల ఆ కాగితం ఏ స్కానింగూ చెప్పని సంగతి చెబుతుంది. నూరు ఇళ్ల కాగితాలు, ఇంటివాళ్ల అనుమతితో, ఒకచోట చేరితే అదే పరిశోధన.

ఒక్క హెచ్చరిక. పరిశోధన పేరుతో ఆ పెద్దల పరువు తీయవద్దు. సంతకం కొడుకు పెట్టవచ్చు. కానీ పెద్దాయన మీ చేతిని తోసేస్తే, ముఖం తిప్పుకుంటే, ఆయన కాదన్నట్టే. ఆ పూటకు పుస్తకం మూసి బయటికి రండి.

డబ్బు సంగతీ అడుగుదాం. 2018లో శానిటరీ నాప్కిన్ల మీద జీఎస్టీ పోయింది. అంతకుముందు ఎందరో స్త్రీలు సిగ్గు పక్కనపెట్టి బాహాటంగా అడిగారు. పెద్దల డైపర్ల ఖర్చు గురించి, ఇంటికి వచ్చి నేర్పే నర్సు గురించి, చూసుకునేవారికి ఒక్క రాత్రి విశ్రాంతి గురించి మన గొంతు ఎక్కడ?

ఈ ఆదివారం మీ వీధిలో అలాంటి ఒక తలుపు తట్టండి. కాఫీ అయ్యాక, "రాత్రిళ్లు ఎలా గడుస్తున్నాయమ్మా?" అని అడగండి. ఆమె "ఏదో, గడుస్తున్నాయి" అంటుంది. లేవకండి. కూర్చోండి. ఇంకోసారి అడగండి.