స్పాన్సర్‌కు ఏం చూపాలి?
2003 ఆగస్టులో మేనార్డ్ హిల్ బృందం తయారుచేసిన, 5 కిలోలు మించని మోడల్ విమానం న్యూఫౌండ్‌లాండ్‌లో ఎగిరి దాదాపు 39 గంటలకు ఐర్లండ్‌లో దిగింది. అంతకుముందు ఏడాది పంపినవి అవతలి తీరం చేరలేకపోయాయి. ఈ విమానాన్ని అట్లాంటిక్ దాటించింది, బజారులో దొరికే ఓ.ఎస్. కంపెనీ ఇంజిన్‌నే కాస్త మార్చుకున్నది. ఏ ప్రకటన ఇవ్వగలదు అంత సాక్ష్యం? మన మోడల్ విమానాల బిల్డర్లు మాత్రం స్పాన్సర్‌షిప్ కోసం గెలిచిన కప్పుల ఫొటోలు పంపుతారు. అలాంటివి కంపెనీకి బోలెడు వస్తాయి. మోటారు ఏ ఎండలో ఎంత వేడెక్కింది, సర్వో గేరు ఎన్ని గంటలకు అరిగింది, కూలిన రోజు ముందుగా ఏది విరిగింది అని రాసిపెట్టుకున్న నోట్‌బుక్ అరుదు. లోపాలు చెబితే ఉన్న అవకాశమూ పోతుందంటారు. అమ్మకాల విభాగానికి కోపం రావచ్చు, నిజమే. అందుకే ఆ నోట్‌బుక్ డిజైన్ చేసే ఇంజనీరుకు చేరాలి. పైగా ఇలాంటి స్పాన్సర్‌షిప్‌లో చాలాసార్లు దక్కేది నగదు కాదు, విడిభాగాల మీద తగ్గింపు. ఆ కాస్త తగ్గింపు కోసం నోరు కట్టేసుకునేవాడి మెప్పును తోటి బిల్డర్లు నమ్మరు, వాళ్లు నమ్మనివాడికి కంపెనీ రెండో ఏడు ఆ తగ్గింపూ ఇవ్వదు.