మన నెత్తురు ఎవరి దస్త్రంలో ఉంది?

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మేము ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. చలికాలం పొద్దున ప్రార్థనలో నిలబడలేక కూలబడిన పిల్లను "పనిదొంగ" అన్నాం. "సారూ, ఎముకలు గుంజుతున్నాయి" అంటే హోంవర్కు చేయలేదు కనుకే నొప్పి వచ్చిందని నవ్వాం. కళ్లు పచ్చబడితే కామెర్లన్నాం, ఆకు పసరు తాగించమని ఇంటికి పంపాం. అది సికిల్‌సెల్ అని తెలిసేసరికి పిల్ల బడి మానేసింది. టీచర్ ట్రైనింగులో మాకు బాలల మనస్తత్వం మీద పుస్తకమే ఉంది. మన పిల్లల ఎముకల్లో ఉన్న నొప్పి మీద ఒక్క పేజీ లేదు.

దీన్ని అరుదైన జన్యు వ్యాధి అంటారు. ఎవరికి అరుదు? షెడ్యూల్డు తెగల్లో పుట్టే ప్రతి 86 మందిలో ఒకరికి ఇది ఉందని కేంద్ర గిరిజన శాఖే చెబుతోంది. ఈ జన్యువు ఒక్కరి నుంచే వస్తే జబ్బు రాదు, పైగా మలేరియా నుంచి కొంత కాపు కూడా. తరతరాలుగా దోమల అడవిలో బతికిన మనలో అది నిలిచిపోవడానికి కారణం అదే. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఉంటేనే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇందులో శాపం లేదు, చేతబడి లేదు, తల్లి తప్పు అసలే లేదు.

మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి కొండల ఆదివాసుల నెత్తురులో. డెబ్బై ఏళ్లు దాటింది. ఈ కాలంలో ఎన్ని గూడేల నుంచి ఎన్ని సీసాల నెత్తురు పోయిందో! వ్యాసాలు వచ్చాయి, డాక్టరేట్లు వచ్చాయి. గూడేనికి ఏం తిరిగి వచ్చింది? 2023 జులై 1న జాతీయ సికిల్‌సెల్ మిషన్ మొదలైంది. 7 కోట్ల మందిని పరీక్షించాలనీ, 2047 నాటికి జబ్బును లేకుండా చేయాలనీ లక్ష్యం పెట్టుకున్నారు. మంచిదే. కానీ మేము చూసిన ఇళ్లలో రంగు కార్డు ట్రంకుపెట్టె అడుగున ఉంది. దాని అర్థం ఎవరూ కోయ భాషలో చెప్పలేదు. పెళ్లి మాటలప్పుడు మాత్రం బయటకు వస్తుంది, అదీ ఆడపిల్ల కార్డే.

ఇదంతా చూసి మన కుర్రాళ్లు కొందరు "ఇకమీద చుక్క నెత్తురు ఇవ్వం" అంటున్నారు. ఆ కోపం మాకు తెలుసు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలోని హవాసుపాయ్ తెగవారు 1990 నుంచి మధుమేహం పరిశోధన అనుకుని నెత్తురు ఇచ్చారు. చెప్పకుండా దాన్ని మతిభ్రమణం మీదా, వలసల చరిత్ర మీదా వాడారు. వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన నెత్తురునూ తిరిగి అప్పగించింది. వాళ్లు పోరాడింది అడగకుండా వాడుకున్నందుకు. మనం పరిశోధనే వద్దంటే నష్టం మనకే. మన నెత్తురు మీద పని జరగకపోతే మన జబ్బుకు మందు ఎవరి నెత్తురులో వెతుకుతారు?

దూరం ఎందుకు, మన ఖమ్మం జిల్లానే తీసుకుందాం. 2009లో మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా మీద అధ్యయనం జరిగింది. హాస్టల్ పిల్లలు చాలామంది. 2010లో ఆపేశారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట, పిల్లల మరణాలకు టీకా కారణం కాదనే విచారణలో చెప్పారు. మనల్ని నిలదీయాల్సింది సంతకం. అమ్మానాన్నలు పెట్టాల్సిన చోట వేల ఫారాల మీద వార్డెన్లు సంతకం పెట్టారు. వార్డెన్లంటే ఎవరు? మేమే, మాలాంటి వాళ్లమే. అధికారి వచ్చి నిలబడితే ఎక్కడైనా సంతకం పెట్టే అలవాటు మాది.

వైద్య పరిశోధన మండలి 2017 నియమావళి ప్రకారం హెడ్మాస్టరు అనుమతి తల్లిదండ్రుల సమ్మతికి బదులు కాదు. పన్నెండేళ్లు దాటిన పిల్లల ఇష్టాన్ని కూడా రాతలో తీసుకోవాలి. 2019 నాటి మందుల ప్రయోగ నిబంధనల ప్రకారం ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఈ ముక్కలు స్టాఫ్‌రూమ్ గోడ మీద టైంటేబుల్ పక్కనే అంటించాలి.

ఇప్పుడు కొత్త తలుపు ఒకటి తెరుచుకుంటోంది. 2023లో బ్రిటన్, అమెరికా ఈ జబ్బుకు జన్యువును సవరించే చికిత్సను అనుమతించాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. 2025 నవంబరులో ఢిల్లీలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐజీఐబీ చేసిన జన్యు చికిత్సను ప్రకటించి, దానికి 'బిర్సా 101' అని పేరు పెట్టారు. బిర్సా ముండా పేరు పెట్టినందుకు సంతోషమే. పేరు మనదైతే చాలదు. ఇలాంటి చికిత్సలో సాధారణంగా ముందు గట్టి మందుతో మూలుగను ఖాళీ చేయాలి, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి, తర్వాత పిల్లలు పుట్టకపోయే ప్రమాదమూ ఉంది. ఈ మాట పదిహేనేళ్ల పిల్లకు, వాళ్ల అమ్మకు, వాళ్ల భాషలో ఎవరు చెబుతారు? తోడు వచ్చిన తండ్రి కూలి ఎవరిస్తారు? హైడ్రాక్సీయూరియా గోలీ నొప్పి రాకడను తగ్గిస్తుందని ఎప్పటి నుంచో తెలుసు. దాని కోసం నడిచి వెళ్తే "ఈ నెల రాలేదు" అన్న మాట మేము విన్నాం. ఆ గోలీ ఇవ్వకుండా నెత్తురు సీసా పట్టుకుని వచ్చేవాణ్ని గూడెం ఎందుకు నమ్మాలి?

ఇంటర్, డిగ్రీ చదివిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, దేశంలో జరిగే మందుల ప్రయోగాలు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఉంటాయి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఎక్కడ, ఏ వయసువారికి, ఎవరిని అడగాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. రీల్స్ చూసే సెల్‌లోనే అది తెరుచుకుంటుంది. నెలకోసారి తెరిచి, సికిల్‌సెల్ అని వెతికి, గూడెం పెద్దల ముందు చదవండి. మీలో ఒకరిద్దరు జన్యుశాస్త్రం చదవండి కూడా. సీసా పట్టుకునే చేయి మనది ఎందుకు కాకూడదు?

మొన్న బడి మానేసిన ఆ పిల్ల ఇంటికి వెళ్లాం. తప్పైందన్నాం. ట్రంకుపెట్టెలోంచి కార్డు తీయించి, అందులో ఏముందో కోయలో చెప్పాం. వాళ్లమ్మ చాలాసేపు కార్డు వైపే చూసి అడిగింది:

"ఇన్నాళ్లూ దీన్ని ఎవరికి చూపించాలో ఎవరూ చెప్పలేదేం సారూ?"