ఒపీనియన్: జముకు పాటకి మెట్రోనోమ్ ఎందుకు? మ్యూజిక్ యాప్‌లతో ఉద్దానంలో తిప్పలు

కొత్త ఫోన్ రివ్యూ ఏది చదివినా కెమెరాకి పది పేరాలు, గేమింగ్‌కి నాలుగు, స్పీకర్లకి ఒకటి ఉంటాయి. మైక్ గురించి ఒక్క లైను ఉంటే గొప్పే. అదే ఫోన్‌తో పాటలు రికార్డ్ చేసుకునేవాళ్లు మాత్రం తక్కువేం లేరు. పలాస-కాశీబుగ్గ, టెక్కలి, అటు వజ్రపుకొత్తూరు, కవిటి వైపు ఊళ్లలో జానపదం పాడేవాళ్ల దగ్గరికెళ్లి, పాట రికార్డ్ చేసి, మిక్స్ చేసి ఇవ్వడం కొన్నేళ్లుగా నేను చేస్తున్న పని. రూ. 15 వేల రేంజ్ ఆండ్రాయిడ్ ఫోన్, పాత ల్యాప్‌టాప్, చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్... సెటప్ అంతే. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లందరూ ఒకే రకం పాటని ఊహించుకుని చేస్తున్నారని, మా పాట ఆ రకంలోకి రాదని చెప్పడానికి ఈ అనుభవం చాలు.

ఏ యాప్ అయినా తెరిచి కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టండి. చాలావాటిల్లో 120 బీపీఎం, 4/4 ముందే పెట్టేసి ఉంటాయి. స్క్రీన్ నిండా గడులు. మెట్రోనోమ్ టక్ టక్‌మని కొడుతుంటే దానికి తగ్గట్టు వాయించాలి, పాడాలి. హిప్‌హాప్ బీట్ చేసేవాళ్లకి ఇది హాయి. జముకుల కథ చెప్పేవాళ్లకి కాదు. జముకు చూడనివాళ్ల కోసం: ఒకవైపు తోలు మూసిన చిన్న డోలు లాంటిది, ఆ తోలు మధ్యలోంచి ఒక తీగ వస్తుంది. తీగని బిగించి, సడలిస్తూ మీటుతుంటే శబ్దం 'డుంయ్' మని పైకీ కిందకీ జారుతుంది. అది కీబోర్డులో ఉండే 12 స్వరాల మధ్య ఎక్కడా ఆగదు. కథలో ఏడుపు ఘట్టం వస్తే నడక నెమ్మదిస్తుంది, కోపం వస్తే పరుగెడుతుంది. తప్పెటగుళ్లు తీసుకున్నా అంతే. గుండెకి కట్టుకున్న రేకు తప్పెట మీద దెబ్బ, కాలి గజ్జెలు, ఎగురు కలిసి వేగం పుంజుకుంటూ పోతాయి. మొదట్లో ఉన్న టెంపో చివర్లో ఉంటే ఆ బృందానికి ఆ రోజు ఒంట్లో బాలేదని అర్థం.

వజ్రపుకొత్తూరు మండలంలో ఒక జముకు తాతకి మొదటిసారి ఇయర్‌ఫోన్లు పెట్టి క్లిక్ వినిపించాను. రెండు చరణాలు పాడి ఆగిపోయాడు. "ఈ టక్కుటక్కు ఆపీ బాబూ. దీని ఎనకాతల నాను పరిగెట్టాలేటి? అదే నా ఎనకాల రావాల గానీ" అన్నాడు. నేను చదివిన సాఫ్ట్‌వేర్ రివ్యూల్లో ఇంత సూటి విమర్శ ఇంకోటి లేదు.

ఆయన అడిగింది జరగని పనేం కాదు. 2018లో యాపిల్ లాజిక్ ప్రో 10.4లో స్మార్ట్ టెంపో అని తెచ్చింది. మీరు క్లిక్ లేకుండా వాయిస్తే అదే వేగం పసిగట్టి గడుల్ని జరుపుకుంటుంది. 2021లో ఏబుల్‌టన్ లైవ్ 11లో టెంపో ఫాలోయర్ వచ్చింది. వచ్చే శబ్దాన్ని వింటూ సాఫ్ట్‌వేరే తన వేగం మార్చుకుంటుంది. అంటే టెక్నాలజీ ఉంది. కానీ లాజిక్ కావాలంటే మ్యాకో, ఐప్యాడో కొనాలి, ఏబుల్‌టన్‌కి కంప్యూటర్ ఉండాలి. నేను వాడి చూసిన ఆండ్రాయిడ్ యాప్‌లలో ఒక్కదానిలో కూడా ఈ సదుపాయం కనపడలేదు. వాటిల్లో కొత్తగా వచ్చేవన్నీ లూప్ ప్యాక్‌లు, ఆటోట్యూన్, ఏఐతో బీట్ చేసిపెట్టే బటన్లు.

దీనివల్ల పాటే మారిపోతోంది, నా బాధంతా అదే. 2020లో 'పలాస 1978' సినిమా, రఘు కుంచె చేసిన 'నక్కిలీసు గొలుసు' పాట వచ్చాక మా జానపదానికి డిమాండ్ పెరిగింది, సంతోషమే. ఇప్పుడు కుర్రాళ్లు ముందు 4/4 డీజే లూప్ ఒకటి వేసుకుని, దాని మీద పాడమంటున్నారు. మా పాటలు చాలావరకు తిశ్ర నడకవి, సాఫ్ట్‌వేర్ భాషలో 6/8. వాటిని 4/4లో ఇరికిస్తే అక్షరాలు నలిగిపోతాయి. సరిపోకపోతే క్వాంటైజ్ కొడతారు, గొంతు మీద పిచ్ కరెక్షన్ వేస్తారు. జముకు జారుడు పోయి మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. కుర్రాళ్లని తప్పుపట్టను, యాప్ వాళ్లకి చూపించిన దారి అదొక్కటే. అన్నట్టు, మెనూలు తెలుగులో లేకపోవడం అసలు సమస్య అంటారు కొందరు. నాకలా అనిపించలేదు. క్వాంటైజ్‌ని తెలుగులో రాస్తే ఇంకా భయపడతారు.

ఇక లేటెన్సీ. మనం పాడింది ఫోన్‌లోకి వెళ్లి, తిరిగి చెవికి చేరడానికి పట్టే టైమ్. ఆండ్రాయిడ్ 6 రోజుల్లో గూగుల్ 'ప్రో ఆడియో' ఫోన్‌కి పెట్టిన హద్దు 20 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం ఆ టైమ్‌లో దాదాపు 7 మీటర్లు పోతుంది. అంటే వాకిట్లో ఆ చివర నిలబడి ఒకాయన వాయిస్తున్నట్టు. సర్దుకుపోవచ్చు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెడితే 150 దాటడం మామూలే. అది 50 మీటర్లు, కొబ్బరితోట అవతలి గట్టు మీద నుంచి వాయిస్తున్న లెక్క. 3.5 ఎంఎం జాక్ తీసేసి, బాక్స్‌లో ఇయర్‌ఫోన్లు మానేసి, 'ఫ్యూచర్ వైర్‌లెస్' అన్న కంపెనీలు పాడేవాళ్లని అడిగినట్టు లేవు.

కానీ నన్ను ఎక్కువ విసిగించింది వేరే. క్లౌడ్‌లో పనిచేసే ఒక యాప్ (పేరు వద్దులెండి) వాడుతున్న రోజుల సంగతి. దానికి నెట్ లేకపోతే ప్రాజెక్ట్ తెరుచుకోదు. తోటల్లో సిగ్నల్ ఒకటో రెండో గీతలు. సరే, డేటా ఆన్‌లోనే ఉంచి జముకు తాత కథ ఒకటి మొదలుపెట్టాం. మా వైపు సగం ఇళ్లలో ఒకరు గల్ఫ్‌లోనో, ఇంకో రాష్ట్రంలోనో ఉంటారు. రాత్రి ఎనిమిది దాటితే వీడియో కాల్స్ మొదలు. ఖతార్ నుంచి మా బావ కాల్ చేశాడు. నేను కట్ చేసేలోపే మైక్‌ని కాల్ లాగేసుకుంది, యాప్ రికార్డింగ్ ఆపేసింది, ఆపినట్టు చెప్పను కూడా లేదు. స్క్రీన్ మీద గీత కదులుతూనే ఉంది. 11 నిమిషాల కథలో 4 నిమిషాలే మిగిలాయి. ఫ్లైట్ మోడ్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెడితే యాప్ తెరుచుకోదని ముందే చెప్పాను. మర్నాడు తాత మళ్లీ పాడాడు, కానీ అదే పాట కాదు. ముందు రాత్రి మధ్యలో కల్పించి చెప్పిన ముక్క రాలేదు. "అదప్పుడొచ్చింది బాబూ" అన్నాడంతే. ఆయనకి 70 దాటాయి, కొడుకులిద్దరూ బయటే. ఆ ఇంట్లో జముకు పట్టేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఒక రికార్డింగ్ యాప్ చేయాల్సిన మొదటి పని వచ్చిన శబ్దాన్ని అప్పటికప్పుడు ఫోన్ స్టోరేజ్‌లో భద్రంగా రాసిపెట్టడం. ఆ తర్వాతే క్లౌడ్, ఏఐ, షేరింగ్ అన్నీ. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పల్లిసారథి దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఊళ్లలో కరెంటు, సిగ్నల్ రోజుల తరబడి లేవు. 'ఆల్వేస్ కనెక్టెడ్' అని రాసుకున్న ఏ యాప్ అయినా ఇలాంటి చోట ఒక రాత్రి వాడి చూస్తే బాగుణ్ను.

డబ్బుల సంగతి తొందరగా చెప్పేస్తాను. నెలనెలా సబ్‌స్క్రిప్షన్ మా పనికి కుదరదు, సంబరాల సీజన్‌లో నాలుగు రాళ్లు, మిగతా రోజుల్లో ఖాళీ. 2023 మార్చిలో వేవ్స్ కంపెనీ ప్లగిన్లని ఒకేసారి అమ్మడం ఆపేసి, అంతా సబ్‌స్క్రిప్షనే అంది. ప్రపంచమంతా తిట్టిపోయడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఎఫ్ఎల్ స్టూడియో ఒకసారి కొంటే అప్‌డేట్స్ జీవితాంతం ఉచితం, అది మెచ్చుకోవాలి. దాని ట్రయల్‌లో మాత్రం సేవ్ చేసిన ప్రాజెక్ట్ మళ్లీ తెరుచుకోదు. పెన్‌డ్రైవ్‌లలో క్రాక్ వెర్షన్లు తిరగడానికి ఇలాంటివీ ఓ కారణం. నేను స్థిరపడింది రీపర్ దగ్గర. 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, సొంతంగా చేసుకునేవాళ్లకి లైసెన్స్ 60 డాలర్లు, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, నెట్ అడగదు. చూడ్డానికి ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ క్లిక్ ఆపేసి, గడులు తీసేసి, పాట అయ్యాక దాని నడకని బట్టి టెంపో గుర్తులు నేనే పెట్టుకోగలను. అరగంట పాటకి ఒక పూట పడుతుంది. ఫోన్ యాప్ ఆ పని చేసిపెట్టేరోజు ఆ యాప్‌కి నేనే ఫైవ్ స్టార్ ఇస్తాను.

రికార్డింగ్ కోసం ఫోన్ కొనేవాళ్లకి ఒక చిన్న టెస్ట్. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు 'అన్‌ప్రాసెస్డ్' అంటే ఏ ఫిల్టరూ లేని మైక్ శబ్దం అడగొచ్చు. అన్ని ఫోన్లూ ఇవ్వవు. స్పెక్స్ షీట్‌లో ఇది వెతికినా దొరకదు. అందుకే షాపులో సీలింగ్ ఫ్యాన్ కింద నిలబడి, మీరు వాడబోయే యాప్‌లోనే ఒక నిమిషం మాట్లాడుతూ, మధ్యమధ్యలో ఆగుతూ రికార్డ్ చేయండి. తిరిగి విన్నప్పుడు ఫ్యాన్ చప్పుడు మీరు ఆగినప్పుడల్లా మాయమవుతూ, మాట్లాడినప్పుడు పైకి లేస్తూ ఉంటే ఆ ఫోన్ వద్దు. జముకు మోతని కూడా అది ఫ్యాన్ చప్పుడే అనుకుంటుంది.