బొమ్మకు కూలి లేదా?

మా సత్రపట్టిలో బ్యాండేజిగుడ్డ నేసినవాడికి కూలి ఇవ్వాలని ఎవరూ చెప్పనక్కర్లేదు. బొమ్మ గీసిన నాకు మాత్రం "మనవాడివేగా, భాషాసేవ అనుకో నాయనా" అంటారు. కాగితానికీ, అచ్చుకీ రొక్కమిచ్చేవారే ఈ మాట అంటారు! అయ్యా, సేవ నా ఒక్కడి వంతేనా?

1947 జులైలో మద్రాసులో పుట్టిన 'చందమామ'కు బేతాళుడి బొమ్మలు వేసిన శంకర్ తమిళుడు. ఆయన జీతం తీసుకునే గీశారు. తెలుగుపిల్లలకు ఏం తక్కువైంది?

మొన్న ఒక శుభలేఖకు తెలుగక్షరాలు గీసిచ్చాను. పెళ్లివారు దాన్ని తలకిందులుగా పట్టుకుని "బాగుంది" అన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, చదవలేం. మనకిప్పుడు అక్షరం కూడా బొమ్మే. దాన్ని గీసే చెయ్యి ఆకలికి ఆగిపోతే, రేపు తలకిందులుగా పట్టుకోవడానికైనా ఏమీ మిగలదు.