పతకం అంచుమీద దొరికిన చోటు

మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా సైనికులకు పేరుపేరునా స్మారక గౌరవం దక్కకపోవడానికి కొన్నిచోట్ల వివక్ష కారణమనీ, మరికొన్నిచోట్ల వారి పేర్లుగానీ, ఖననం చేసిన స్థలాలుగానీ యుద్ధ సమాధుల కమిషన్‌కు అందకపోవడం కారణమనీ బ్రిటన్ నాటి రక్షణ మంత్రి బెన్ వాలెస్ 2021 ఏప్రిల్‌లో కామన్స్ సభలో చెప్పి, ప్రభుత్వం తరఫున క్షమాపణ వేడుకున్నారు. అందులో మొదటి మాట నూరేళ్లు ఆలస్యంగానైనా నోరు దాటిన నిజం. రెండో మాటను మాత్రం, కనీసం భారతీయ సిపాయిల విషయంలో, ఒప్పుకోవడానికి వీలులేదు.

కమిషన్ తన తప్పును తానే విచారణకు పెట్టుకున్నదనీ, తూర్పు ఆఫ్రికాలో సామాను మోసి ప్రాణాలొదిలిన కూలీల జాబితాలు ఏనాడూ పూర్తిగా తయారు కాలేదనీ దాని సమర్థకులు చెప్పేది నిజమే. కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరణకు నోచుకోలేదని ఆ విచారణ నివేదిక తేల్చిన లెక్కలో ఆ కూలీల వాటా పెద్దదే. అయితే ఆ అసలైన లోటును అడ్డుపెట్టుకుని సిపాయిల కథను కూడా అదే గాటన కట్టడమే ఈ ప్రకటనలోని మాయ.

భారత సైన్యం తుపాకితో ఎంత నడిచిందో కాగితంతోనూ అంతే నడిచింది. సైన్యంలో చేరిన ప్రతి సిపాయికి ‘షీట్‌రోల్’ అనే పత్రం, అంటే అతని నౌకరీ చరిత్రంతా ఎక్కించే కాగితం, ఒకటి తెరిచేవారు. అందులో అతని పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా వరుసగా ఉండేవి. అతని జీతంలో కొంత భాగం ఇంటికి చేరాలన్నా, అతను చనిపోతే భార్యకు పింఛను మంజూరు కావాలన్నా ఆ వివరాలే ఆధారం. యుద్ధం ముగిశాక పంచిన వెండి పతకం అంచుమీద, బొటనవేలి గోరుకన్నా సన్నని ఆ అంచుమీద, అతని నంబరు, హోదా, పేరు, దళం అచ్చుగుద్దారు. జీతానికీ, పింఛనుకూ, పతకానికీ దొరికిన పేరు రాతిమీద చెక్కవలసి వచ్చేసరికి ‘అందలేదు’ అంటే నమ్మేదెవరు? పైగా పేర్లు అడగవలసిన కమిషనూ, ఇవ్వవలసిన భారత ప్రభుత్వమూ ఒకే సామ్రాజ్యపు ఇంట్లో పక్కపక్క గదులు.

ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకాన్ని 1927లో ఆవిష్కరించారు. పశ్చిమ రణరంగంలో చనిపోయి, సమాధి దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు, మామూలు సిపాయిలతో సహా, అక్కడి గోడలమీద ఉన్నాయి. రెండేళ్ల తరువాత, 1929లో, ఇరాక్‌లో బస్రా స్మారకం వెలిసింది. మెసొపొటేమియా రంగంలో, అంటే నేటి ఇరాక్‌లో, మరణించి సమాధి తెలియని 40 వేల మందికి పైగా సైనికులది అది. అందులో బ్రిటిష్ సైనికులు సాధారణ ప్రైవేటు దాకా పేర్లతో ఉంటే, భారతీయులలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కి, వారి కింద ‘ఇంకా ఇంతమంది భారతీయ సైనికులు’ అని ఒక అంకె వేసి ఊరుకున్నారు. 47వ సిక్కుల వంటి దళాలు ఫ్రాన్స్‌లో పోరాడి, 1915 చివర అక్కడినుంచి నేరుగా మెసొపొటేమియాకే తరలాయన్నది గుర్తుంచుకుంటే, ఒకే దళంలో ఫ్రాన్స్‌లో పడినవాడికి పేరు, ఆ మరుసటి ఏడాది టైగ్రిస్ ఒడ్డున పడినవాడికి అంకె ఎలా దక్కాయో బ్రిటన్ వివరించాలి. దళం మారలేదు, పేర్లు రాసుకునే గుమాస్తాల పద్ధతీ మారలేదు. చూసే కళ్లు యూరప్‌లో ఉన్నాయి, బస్రాలో లేవు.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం కమిషన్ దగ్గరే ఉంది. దాని సొంత జాబితాలో బస్రా సిపాయి కోసం వెతికితే పేరు వస్తుంది, చాలామందికి తండ్రి పేరూ, ఊరూ వస్తాయి, చివర స్మారకంలోని ఫలకం సంఖ్య కూడా వస్తుంది. ఆ ఫలకం దగ్గరికి వెళితే మాత్రం అతని పేరు ఉండదు. పేరు అందని సంస్థ ఈ జాబితా ఎలా తయారు చేసిందన్న ప్రశ్న కామన్స్ సభలో ఎవరికీ తట్టలేదు కాబోలు. కొరత కాగితంలో కాదు, చూపులో ఉందని 1923లోనే రుజువైంది: గోల్డ్‌కోస్ట్, అంటే నేటి ఘానా, గవర్నర్ గుగ్గిస్‌బర్గ్ అక్కడి సగటు మనిషికి సమాధిరాయి విలువ తెలియదని కమిషన్ అధికారికి సెలవిచ్చాడు.

ఈ అబద్ధం భారం మోసేది వారసులు. బ్రిటిష్ సైనికుల ఫైళ్లు 1940 సెప్టెంబరు బాంబుదాడిలో అధిక భాగం కాలిపోతే, అంచులు మాడిన కాగితాలను కూడా లండన్ జాగ్రత్తపరిచి వారి మనుమల ముందు పెట్టింది. సిపాయిల కాగితాలు రెజిమెంట్ల వద్దే ఉండిపోయి, 1947లో రెజిమెంట్లతోపాటు రెండు దేశాల మధ్య పంపకమయ్యాయి. ‘మిలటరీ మాధవరం’గా పేరుపడ్డ పశ్చిమగోదావరి పల్లెనుంచిగానీ, మరే తెలుగు ఊరినుంచిగానీ ముత్తాత ఆచూకీ కోసం బయలుదేరినవారు బెంగుళూరులో మద్రాస్ శాపర్లనో, తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్‌నో అడగాలి, అక్కడ మొదట అడిగేది పేరు కాదు, నంబరు. ఇంటిపేరు ముందుండే తెలుగు పేరును ఆనాటి గుమాస్తా ఇంగ్లీషులో ఎలా విరిచి రాశాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ నంబరు ఒకవేళ మిగిలి ఉంటే పెట్టె అడుగున ఉన్న పతకం అంచుమీదే ఉంటుంది, అదీ కరువులో అమ్ముడుపోకుండా ఉంటేనే.

బస్రా ఫలకాలమీద అంకెల స్థానంలో పేర్లు చెక్కించడం లండన్ పని. ఇరాక్‌లో పరిస్థితులు బాగాలేవన్న సాకు రాళ్లకు వర్తించవచ్చుగానీ, జాబితాను ఊరు, తాలూకాల వారీగా విడదీసి ప్రచురించడానికి వర్తించదు. ఢిల్లీకీ మినహాయింపు లేదు. సమాచార హక్కు చట్టంలోని 8(3) సెక్షన్, దేశభద్రత వంటి మూడు మినహాయింపులు తప్ప, ఇరవై ఏళ్లు దాటిన సంగతుల సమాచారం ఇచ్చి తీరాలంటోంది. నూరేళ్లనాటి సిపాయి తండ్రి పేరు ఆ మూడింటిలో దేనికిందికీ రాదు. రక్షణ శాఖ తన రికార్డు కార్యాలయాల్లో ఉన్న ఆ యుద్ధకాలపు పత్రాల జాబితాను ప్రచురించి, నంబరు తెలియనివారు తండ్రి పేరు, ఊరి పేరు ఆధారంగా అడిగినా వెతికి జవాబివ్వాలని ఆ కార్యాలయాలను ఆదేశించాలి.